కీ నొక్కితే బ్యాటు కదలదు, ఎర్రర్ కూడా రాదు: టర్టిల్‌తో ఇద్దరాడే ఆట

లెక్కల_మాస్టారు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కోఆర్డినేట్లు బోర్డు మీద ఎంత గీసినా పిల్లలకి ఎక్కట్లేదు. ఎక్స్ అంటే ఏంటో, వై పెరిగితే ఏమవుతుందో కళ్ళతో చూపిద్దామని పైథాన్‌లో బొమ్మలు గీసే టర్టిల్ మాడ్యూల్‌తో ఒక ఆట మొదలుపెట్టాను. తెరకి రెండు పక్కలా రెండు బ్యాట్లు, మధ్యలో బంతి. ఇద్దరు పిల్లలు ఒకే కీబోర్డు మీద ఆడాలి. పైథాన్ మొదలుపెట్టి రెండు నెలలైంది, క్లాసుల పాఠం గత వారమే చదివాను.

బంతి దాకా ఇంకా వెళ్ళలేదు. ముందు బ్యాటే కదలట్లేదు. పేర్లు నేను తెలుగులోనే పెట్టుకున్నా, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. మిగతా మాటలు కూడా ఇక్కడి ఆనవాయితీ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నా, చదివేటప్పుడు మార్చుకోండి.

    క్లాస్ బ్యాటు(టర్టిల్):
        డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, ఎక్స్):
            సూపర్().__ఇనిట్__()
            సెల్ఫ్.షేప్("స్క్వేర్")
            సెల్ఫ్.షేప్‌సైజ్(5, 1)
            సెల్ఫ్.పెన్అప్()
            సెల్ఫ్.గోటు(ఎక్స్, 0)

        డెఫ్ పైకి(సెల్ఫ్):
            సెల్ఫ్.సెట్‌వై(సెల్ఫ్.వైకార్() + 20)

        డెఫ్ కిందికి(సెల్ఫ్):
            సెల్ఫ్.సెట్‌వై(సెల్ఫ్.వైకార్() - 20)

    తెర = స్క్రీన్()
    తెర.సెటప్(800, 600)
    కుడి = బ్యాటు(350)
    ఎడమ = బ్యాటు(-350)
    తెర.లిజన్()
    తెర.ఆన్‌కీప్రెస్(కుడి.పైకి(), "అప్")
    తెర.ఆన్‌కీప్రెస్(కుడి.కిందికి(), "డౌన్")
    తెర.ఆన్‌కీప్రెస్(ఎడమ.పైకి(), "డబ్ల్యూ")
    తెర.ఆన్‌కీప్రెస్(ఎడమ.కిందికి(), "ఎస్")
    తెర.మెయిన్‌లూప్()

రన్ చేస్తే విండో వస్తుంది, బ్యాట్లు రెండూ బుద్ధిగా నిలబడతాయి. కీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఎర్రర్ వచ్చి ఉంటే దాన్ని పట్టుకుని ఏదో వెతుక్కునేవాణ్ణి, అదీ లేదు. రెండు గంటల నుంచి ఇదే పని.

స్వాతి_కోడ్స్ · రాత్రి 9:20

లిజన్ పెట్టారా అండీ? అది లేకపోతే కీబోర్డు మాట విండో వినదు.

సారీ, ఉంది, ఇప్పుడే చూశా. అయితే ఆట విండో మీద ఒకసారి మౌస్‌తో క్లిక్ చేసి అప్పుడు నొక్కండి. ఐడిల్‌లో (పైథాన్‌తో వచ్చే ఎడిటర్) రన్ చేస్తే ఒక్కోసారి ఫోకస్ ఎడిటర్ దగ్గరే ఉండిపోతుంది.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:24

క్లిక్ చేశానమ్మా. తేడా లేదు.

నల్లగొండ_కుర్రాడు · రాత్రి 9:27

సార్, కీ పేర్లల్ల మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్దక్షరమేనా? అప్, డౌన్ రెండింటికీ పెద్దదే ఉండాలె. డబ్ల్యూ, ఎస్ మాత్రం చిన్నవి.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:29

అలాగే ఉన్నాయి బాబూ.

గోదారి_గట్టు · రాత్రి 9:41

మాస్టారూ, ఒక్క ప్రశ్న. రన్ కొట్టిన క్షణంలో, మీరింకా ఏ కీ ముట్టుకోకముందే, బ్యాట్లు కొంచెం అదిరినట్టు అనిపించాయా?

లెక్కల_మాస్టారు · రాత్రి 9:44

అవునండీ! ఒక్కసారి వణికి ఆగుతాయి. ల్యాప్‌టాప్ పాతది కదా, అందుకేమో అనుకుని వదిలేశా. మీకెలా తెలిసింది?

గోదారి_గట్టు · రాత్రి 10:03

ఆ వణుకులోనే ఉంది అంతా. మీ కీ లైన్లు నాలుగూ మళ్ళీ చూడండి. కుడి.పైకి తర్వాత బ్రాకెట్లు ఉన్నాయి. బ్రాకెట్లు పెట్టారంటే "నువ్వు పైకి జరుగు, ఇప్పుడే" అని చెప్పేసినట్టు. పైథాన్ ఆ లైనుకి రాగానే బ్యాటుని 20 పైకి జరిపింది. తర్వాతి లైన్లో కిందికి 20. కలిపితే సున్నా. మీరు చూసిన వణుకు అదే. పైకి ఒక్కటే కట్టి ఉంటే బ్యాటు 20 పైన ఆగిపోయేది, మీకు అప్పుడే అనుమానం వచ్చేది.

సరే, జరిగాక ఆన్‌కీప్రెస్ చేతికి ఏం వెళ్ళింది? మీ పైకి మెథడ్ ఏమీ రిటర్న్ చేయదు కాబట్టి నన్ ("ఏమీ లేదు" అని చెప్పే పైథాన్ విలువ) వెళ్ళింది. ఇక్కడే టర్టిల్ మనల్ని దెబ్బకొడుతుంది. ఫంక్షన్ స్థానంలో నన్ ఇస్తే "ఈ కీకి ఇంతకుముందు కట్టిన పని ఉంటే విప్పెయ్" అని దాని లెక్క. అది తప్పు కాదు, చెల్లుబాటయ్యే ఆజ్ఞే. అందుకే ఎర్రర్ రాలేదు. మీరు నాలుగుసార్లు "కీ విప్పెయ్" అని చెప్పారు, అది నాలుగుసార్లు వినయంగా విప్పింది.

పెళ్ళికి పిలవడానికి శుభలేఖ ఇచ్చి రమ్మంటే, ఆయనకి అక్కడికక్కడే భోజనం పెట్టేసి ఖాళీ విస్తరి చేతిలో పెట్టి వచ్చినట్టుంది. పెళ్ళి రోజున ఆయన ఎందుకొస్తాడు?

బ్రాకెట్లు తీసెయ్యండి:

    తెర.ఆన్‌కీప్రెస్(కుడి.పైకి, "అప్")

మిగతా మూడూ అంతే.

లెక్కల_మాస్టారు · రాత్రి 10:09

కదిలింది!! రెండూ కదులుతున్నాయి. రెండు గంటలు, ఎనిమిది బ్రాకెట్లు. మా ఆవిడ "ఇంకా పడుకోలేదా" అంటోంది, రేపు వస్తాను. కానీ ఒక సందేహం మాత్రం నిద్ర పట్టనివ్వదు. పైకి అనే మెథడ్ సెల్ఫ్ కావాలంటుంది కదా. బ్రాకెట్లు లేకుండా ఇస్తే ఆ సెల్ఫ్ ఎవరిస్తున్నారు? కుడి బ్యాటా, ఎడమ బ్యాటా అని దానికెలా తెలుస్తోంది?

బగ్గు_వేటగాడు · రాత్రి 10:15

ఇంత ఆలోచన ఎందుకు, లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) పెట్టేయండి. లాంబ్డా: కుడి.పైకి() అని రాస్తే బ్రాకెట్లు ఉన్నా పని చేస్తుంది, ఎందుకంటే అది కీ నొక్కినప్పుడే నడుస్తుంది. నేను ఎప్పుడూ అలాగే రాస్తా.

గోదారి_గట్టు · ఆదివారం ఉదయం 7:30

వేటగాడు గారూ, పని చేస్తుంది, కాదనను. కానీ మాస్టారు అడిగింది మంచి ప్రశ్న, లాంబ్డాతో దాన్ని దాటేయొద్దు.

కుడి.పైకి అని చుక్క పెట్టి అడిగినప్పుడు పైథాన్ ఉత్త ఫంక్షన్ ఇవ్వదు. ఫంక్షన్‌నీ, దాని యజమానినీ ఒక ముడి వేసి ఇస్తుంది. దాన్ని బౌండ్ మెథడ్ అంటారు. నమ్మకపోతే ప్రింట్(కుడి.పైకి) అని రాసి చూడండి, బౌండ్ మెథడ్ అనే వస్తుంది. ఆ ముడి విప్పి చూడొచ్చు కూడా. కుడి.పైకి.__సెల్ఫ్__ అని అడిగితే కుడి బ్యాటే బయటికొస్తుంది, ఎడమ.పైకి.__సెల్ఫ్__ అంటే ఎడమ బ్యాటు. లోపల ఫంక్షన్ మాత్రం ఒకటే, __ఫంక్__ అని అడిగితే రెండింటికీ అదే వస్తుంది.

కీ నొక్కినప్పుడు టర్టిల్ చేసేది ఒకటే, తనకిచ్చినదాన్ని ఏ ఆర్గ్యుమెంటూ లేకుండా పిలుస్తుంది. సెల్ఫ్ సంగతి దానికి తెలియదు, అక్కర్లేదు. ముడిలో ఉన్న యజమానే సెల్ఫ్ స్థానంలో కూర్చుంటాడు.

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేసి చూడండి. కుడి.పైకి బదులు బ్యాటు.పైకి అని క్లాసు పేరుతో ఇవ్వండి. అక్కడ యజమాని లేడు. కీ నొక్కగానే "మిస్సింగ్ 1 రిక్వైర్డ్ పొజిషనల్ ఆర్గ్యుమెంట్: సెల్ఫ్" అని కన్సోల్‌లో అరుస్తుంది. ఆట విండో మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది, ఎందుకంటే టికింటర్ (టర్టిల్ కింద ఉండి విండోలు నడిపే లైబ్రరీ) ఆ ఎర్రర్‌ని అచ్చువేసి తన దారిన తాను పోతుంది. అందుకే ఆట విండోతో పాటు కన్సోల్‌ని కూడా ఒక కంట కనిపెట్టాలి.

లెక్కల_మాస్టారు · ఉదయం 8:10

చేసి చూశాను, మీరన్నట్టే వచ్చింది. __సెల్ఫ్__ కూడా చూశాను. వారం నుంచి పుస్తకంలో సెల్ఫ్, సెల్ఫ్ అని చదువుతున్నా, అది ఎక్కడి నుంచి ఊడిపడుతుందో ఈరోజు కనబడింది.

మధ్యలో ఇంకో వింత. స్కోరు కోసం స్కోర్‌పెంచు అని మెథడ్ రాస్తే "ఇన్‌వ్యాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్" అంటోంది. నాకు కనిపించే అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. పైకి, కిందికి ఒప్పుకుని దీన్నెందుకు ఒప్పుకోదు?

పాత_పెంటియం · ఉదయం 8:35

పొల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చినా రెండూ కలిసి వత్తు పడకుండా ఉండటానికి మన కీబోర్డులు మధ్యలో కనిపించని అక్షరం ఒకటి దూరుస్తాయి మాస్టారూ. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చూపుకి లేదు, ఫైల్లో ఉంది. పైథాన్ పేర్లలో తెలుగు అక్షరాలూ గుణింతాలూ పొల్లూ చెల్లుతాయి, ఇది చెల్లదు. స్కోర్ తర్వాత అండర్‌స్కోర్ పెట్టి స్కోర్_పెంచు అని రాయండి, గొడవ ఉండదు.

స్వాతి_కోడ్స్ · ఉదయం 9:02

ఇది నాకూ తెలీదు, థాంక్స్ అన్నయ్యా.

తొలి_అడుగు · ఉదయం 11:18

హాయ్, నాదీ ఇదే సమస్య, అందుకే ఇక్కడే అడుగుతున్నా. నేను పేర్లు ఇంగ్లీషులోనే పెట్టాను. క్లాస్ ప్యాడిల్(టర్టిల్), లోపల లెఫ్ట్, రైట్ అని నా మెథడ్లు, సెల్ఫ్.స్పీడ్ = 20 అని వేగం. బ్రాకెట్లు తీసేశాను, కీలు పని చేస్తున్నాయి. కానీ మొదట్లో ప్యాడిల్ తిప్పడానికి సెల్ఫ్.లెఫ్ట్(90) అంటే "టేక్స్ 1 పొజిషనల్ ఆర్గ్యుమెంట్ బట్ 2 వర్ గివెన్" అంటోంది. అది తీసేస్తే సెల్ఫ్.స్పీడ్(0) దగ్గర "ఇంట్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్". నిన్నటి దాకా ఈ రెండు లైన్లూ బాగానే నడిచాయి. టెన్షన్‌గా ఉంది, మంగళవారం సబ్మిషన్.

పాత_పెంటియం · ఉదయం 11:40

ఇది వేరే సమస్య తమ్ముడూ, కానీ ఈ పక్కింటిదే కాబట్టి చెబుతాను.

నువ్వు టర్టిల్ నుంచి వారసత్వం తీసుకున్నావు. తాతల ఇంట్లో ఇప్పటికే లెఫ్ట్, రైట్, అప్, డౌన్, స్పీడ్ అన్న పేర్లతో మనుషులు ఉన్నారు. లెఫ్ట్ అంటే డిగ్రీల్లో తిరగడం, అప్ అంటే పెన్ను ఎత్తడం. నీ కొత్త లెఫ్ట్ రాగానే పాత లెఫ్ట్ దాని వెనక్కి పోయింది. ఇప్పుడు లెఫ్ట్(90) అని పిలిస్తే పలికేది నీదే, దానికి సెల్ఫ్ తప్ప ఇంకేమీ వద్దు. ఇచ్చింది ఒకటే కదా, రెండు అంటుందేంటి అనుకుంటావు. సెల్ఫ్, 90, కలిపి రెండు.

స్పీడ్ కూడా అంతే. సెల్ఫ్.స్పీడ్ = 20 అనగానే ఆ పేరు మీద ఇప్పుడు ఉన్నది ఒక అంకె. అంకెని బ్రాకెట్లు పెట్టి పిలిస్తే పలకదు. నిన్న నడిచింది, ఇవాళ నడవలేదంటే ఆ పేరు ఇవాళ పెట్టి ఉంటావు.

ఎడమకి_జరుగు, వేగం అని పేర్లు మార్చు. లెక్కల మాస్టారు తెలుగు పేర్లు పెట్టడం వల్ల ఈ గుంటలో పడలేదు, గమనించావా.

తొలి_అడుగు · మధ్యాహ్నం 12:05

అన్నా సూపర్!! రెండూ పోయాయి. వేగం పేరు నిన్న రాత్రే పెట్టా, కరెక్ట్‌గా చెప్పారు.

లెక్కల_మాస్టారు · సాయంత్రం 5:48

మళ్ళీ నేనే. ఇంట్లో మా అబ్బాయీ నేనూ ఆడి చూశాం. ఒక్కరే ఆడితే పరవాలేదు. బాణం కీ నొక్కి పట్టుకుంటే బ్యాటు ఒక అడుగు వేసి, ఒక క్షణం ఆగి, తర్వాత గబగబా పరిగెడుతుంది. అది సర్దుకోవచ్చు. కానీ వాడు పట్టుకుని ఉండగా నేను నా కీ నొక్కితే వాడి బ్యాటు ఆగిపోతుంది. "నాన్నా మోసం" అంటున్నాడు.

నల్లగొండ_కుర్రాడు · సాయంత్రం 6:02

సార్, పైగేమ్‌కి (ఆటలు రాసే పైథాన్ లైబ్రరీ) మారండి. అందులో కీడౌన్, కీఅప్ ఈవెంట్లు విడివిడిగ వస్తయి, పట్టుకుంటే మళ్ళీ మళ్ళీ రావు. గెట్_ప్రెస్డ్ అని అడిగితే ఆ క్షణంల ఏ కీలు కింద ఉన్నయో అన్నీ చెప్తది. ఇంకా నీటుగ కావాల్నంటే క్లాసుల ఒక డిక్షనరీ పెట్టి, కీ కోడ్ పక్కన సెల్ఫ్.పైకి, సెల్ఫ్.కిందికి అని రాసుకోవచ్చు. ఈవెంట్ వస్తే డిక్షనరీల వెతికి పిలుసుడే. పదిహేను ఇఫ్‌లు రాసే బాధ తప్పుతది.

లెక్కల_మాస్టారు · సాయంత్రం 6:10

ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేదు బాబూ, కొత్తవి వేయడం కష్టం. టర్టిల్ అయితే పైథాన్‌తోనే వస్తుందని దీన్ని పట్టుకున్నా.

గోదారి_గట్టు · సాయంత్రం 6:55

పైగేమ్ మంచిదే, కానీ దీనికి మారక్కర్లేదు. (ల్యాబ్‌లో ఉబుంటు గానీ డెబియన్ గానీ ఉంటే ఒకటి చూసుకోండి. అక్కడ టర్టిల్‌కి కావలసిన టికింటర్ విడి ప్యాకేజీ, పైథాన్3-టీకే అని ఉంటుంది. ఒక మెషిన్‌లో ముందే ఇంపోర్ట్ చేసి చూడండి.)

మీరు చూస్తున్నది ఆపరేటింగ్ సిస్టమ్ చేసే ఆటో రిపీట్. నోట్‌ప్యాడ్‌లో ఒక అక్షరం నొక్కి పట్టుకోండి. ఒకటి పడుతుంది, ఆగుతుంది, తర్వాత వరుసగా పడతాయి. మీ బ్యాటూ అదే చేస్తోంది. రిపీట్ అయ్యేది చివర నొక్కిన కీ మాత్రమే, అందుకే మీ అబ్బాయి బ్యాటు ఆగింది. మోసం మీది కాదు.

ఒక విధంగా మీరు కీ చేత బ్యాటుని నడిపిస్తున్నారు. అలా కాకుండా కీ చేత ఒక గుర్తు మాత్రం పెట్టించండి. నొక్కితే ట్రూ, వదిలితే ఫాల్స్. నడిపించేది గడియారం.

    డెఫ్ పై_నొక్కారు(సెల్ఫ్):
        సెల్ఫ్.పై = ట్రూ

    డెఫ్ పై_వదిలారు(సెల్ఫ్):
        సెల్ఫ్.పై = ఫాల్స్

    డెఫ్ జరుగు(సెల్ఫ్):
        దిశ = సెల్ఫ్.పై - సెల్ఫ్.కింద
        సెల్ఫ్.సెట్‌వై(సెల్ఫ్.వైకార్() + 6 * దిశ)

కింద కోసం కూడా అలాగే రెండు రాయండి. ఇనిట్‌లో రెండు గుర్తులూ ఫాల్స్‌తో మొదలుపెట్టడం మర్చిపోవద్దు. ట్రూలోంచి ఫాల్స్ తీసేస్తే 1 వస్తుంది, తిరగేస్తే -1, రెండు కీలూ కలిపి నొక్కితే 0. ఇది మీ పిల్లలకి కూడా చూపించొచ్చు.

    తెర.ట్రేసర్(0)

    డెఫ్ అడుగు():
        కుడి.జరుగు()
        ఎడమ.జరుగు()
        తెర.అప్‌డేట్()
        తెర.ఆన్‌టైమర్(అడుగు, 20)

    తెర.ఆన్‌కీప్రెస్(కుడి.పై_నొక్కారు, "అప్")
    తెర.ఆన్‌కీరిలీజ్(కుడి.పై_వదిలారు, "అప్")
    అడుగు()

మిగతా కీలకీ ఇలాగే జంటలు కట్టి, మెయిన్‌లూప్ చివర ఉంచండి. ట్రేసర్(0) అంటే ప్రతి కదలికకీ తెర గీయొద్దు, నేను అప్‌డేట్ అన్నప్పుడే గీయి అని.

ఆన్‌టైమర్ లైన్లో అడుగు పక్కన బ్రాకెట్లు లేవు, చూశారా? అక్కడ గనక పెడితే ఈసారి మౌనంగా ఊరుకోదు. అడుగు తనని తాను పిలుచుకుంటూ పోయి రికర్షన్ ఎర్రర్‌తో కూలుతుంది.

ఇంకొకటి. కొన్ని పాఠాల్లో ఆన్‌కీ అని ఉంటుంది. అది ఆన్‌కీరిలీజ్‌కి ఇంకో పేరు, కీ వదిలినప్పుడు పలుకుతుంది. నొక్కినప్పుడు కావాలంటే ఆన్‌కీప్రెస్సే.

బగ్గు_వేటగాడు · రాత్రి 8:20

ఇది నీటుగా ఉంది. నేను ఇద్దరు ప్లేయర్లకి ఎనిమిది లైన్లు రాయడం ఎందుకని లూప్ పెట్టాను. ఫర్ బ, కీ ఇన్ [(కుడి, "అప్"), (ఎడమ, "డబ్ల్యూ")] అని, లోపల ఆన్‌కీప్రెస్(లాంబ్డా: బ.పై_నొక్కారు(), కీ). ఏ కీ నొక్కినా ఎడమ బ్యాటే కదులుతోంది. ఇదేం విడ్డూరం?

గోదారి_గట్టు · రాత్రి 8:33

హహ, నిన్న రాత్రి దాటేసిన లాంబ్డా ఇవాళ వచ్చి అప్పు అడుగుతోంది.

లాంబ్డా తనలో "బ" అనే పేరునే ఉంచుకుంటుంది, ఆ క్షణంలో ఆ పేరు వెనక ఉన్న బ్యాటుని కాదు. కీ నొక్కేసరికి లూప్ అయిపోయింది, బ అంటే చివరి బ్యాటు. అందుకే రెండూ ఎడమకే పోతున్నాయి. లాంబ్డా తీసేసి ఉత్తగా బ.పై_నొక్కారు అని ఇవ్వండి. చుక్క పెట్టిన క్షణంలోనే ముడి పడుతుంది, ఆ తర్వాత బ ఎవరిని చూపించినా దానికి సంబంధం లేదు.

స్వాతి_కోడ్స్ · రాత్రి 8:50

లాంబ్డా బ=బ: అని డిఫాల్ట్ ఇచ్చినా టర్టిల్‌లో నడుస్తుంది. కానీ అదే అలవాటుతో నేను టికింటర్ బైండ్‌లో రాసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. టికింటర్ కీ నొక్కిన వివరాలన్నీ ఒక ఈవెంట్ ఆబ్జెక్ట్‌లో పెట్టి ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది, టర్టిల్ పంపదు. ఆ ఈవెంట్ తిన్నగా వెళ్ళి నా బ స్థానంలో కూర్చుంది. "ఈవెంట్ ఆబ్జెక్ట్‌కి అలాంటి యాట్రిబ్యూట్ లేదు" అని ఎర్రర్. టికింటర్‌లో మెథడ్ రాస్తే సెల్ఫ్ పక్కన ఈవెంట్ కూడా పెట్టాలి. అదే మెథడ్ టర్టిల్‌కి ఇస్తే మళ్ళీ ఒకటి తక్కువైంది అంటుంది. ఈవెంట్=నన్ అని రాసుకుంటే రెండు చోట్లా సర్దుకుంటుంది.

లెక్కల_మాస్టారు · సోమవారం సాయంత్రం 5:15

ఇంట్లో అద్భుతంగా నడిచింది. ఈరోజు పెన్‌డ్రైవ్‌లో ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. అక్కడ రెండు కష్టాలు.

ఒకటి, బ్యాటు నొక్కి పట్టుకుంటే వణుకుతూ, కుంటుతూ వెళ్తోంది. ఇంట్లో విండోస్, అక్కడ లినక్స్. కోడ్ అక్షరం మారలేదు.

రెండు, ఒక మెషిన్‌లో కుడి పిల్లాడి బ్యాటు బాగానే ఉంది, ఎడమ పిల్లాడిది అసలు కదలదు. వాడు ఏడ్చినంత పని చేశాడు.

పాత_పెంటియం · సాయంత్రం 5:50

రెండోది ముందు చెబుతాను, తేలిక. ఆ మెషిన్‌లో క్యాప్స్ లాక్ వెలుగుతోందా? వెలిగితే చిన్న డబ్ల్యూ బదులు పెద్ద డబ్ల్యూ వెళ్తుంది, టర్టిల్‌కి ఆ రెండూ వేర్వేరు కీలు. బాణాలకి పెద్దా చిన్నా లేదు కాబట్టి కుడివాడు బతికిపోయాడు. క్యాప్స్ లాక్ కాకపోతే భాష తెలుగులో ఉండిపోయిందేమో చూడండి. తెలుగు లేఅవుట్‌లో ఆ మీట నొక్కితే తెలుగు అక్షరం వెళ్తుంది.

ఏది వెళ్తోందో కళ్ళతో చూడాలంటే టర్టిల్ కింద ఉన్న టికింటర్‌నే అడగొచ్చు:

    తెర.గెట్‌క్యాన్వాస్().బైండ్("<కీ>", లాంబ్డా ఇ: ప్రింట్(ఇ.కీసిమ్))

ఇంకా ఏ పనీ కట్టని కీ ఏది నొక్కినా దాని పేరు కన్సోల్‌లో పడుతుంది. పని కట్టేటప్పుడు వాడాల్సింది సరిగ్గా ఆ పేరే. పెద్ద డబ్ల్యూకి కూడా అదే మెథడ్ కట్టేస్తే క్యాప్స్ లాక్ బెడద పోతుంది, ఒకే మెథడ్‌ని ఎన్ని కీలకైనా కట్టుకోవచ్చు. నొక్కడానికీ వదలడానికీ రెండింటికీ కట్టండి.

గోదారి_గట్టు · సాయంత్రం 6:40

మొదటిది నాకు వదిలారు కాబట్టి చెబుతా. విండోస్‌లో కీ పట్టుకుని ఉంటే నొక్కారు, నొక్కారు, నొక్కారు అనే వస్తుంది. వదిలారు అనేది నిజంగా వదిలినప్పుడే. లినక్స్‌లో ఎక్స్11 (తెర, కీబోర్డు చూసుకునే వ్యవస్థ) మీద రిపీట్ అయిన ప్రతిసారీ ఒక వదిలారు, వెంటనే ఒక నొక్కారు, జంటగా వస్తాయి. మన గుర్తు ట్రూ, ఫాల్స్, ట్రూ, ఫాల్స్ అని కొట్టుకుంటోంది. గడియారం ఫాల్స్ దగ్గర చూసిందంటే బ్యాటు ఆ అడుగు వేయదు. కుంటడం అదే.

వదిలారు అనగానే నమ్మకండి. కాసేపు ఆగి, ఈలోపు మళ్ళీ నొక్కలేదంటే అప్పుడు నమ్మండి.

    డెఫ్ పై_నొక్కారు(సెల్ఫ్):
        సెల్ఫ్.పై = ట్రూ
        సెల్ఫ్.పై_అనుమానం = ఫాల్స్

    డెఫ్ పై_వదిలారు(సెల్ఫ్):
        సెల్ఫ్.పై_అనుమానం = ట్రూ
        తెర.ఆన్‌టైమర్(సెల్ఫ్.పై_తేల్చు, 30)

    డెఫ్ పై_తేల్చు(సెల్ఫ్):
        ఇఫ్ సెల్ఫ్.పై_అనుమానం:
            సెల్ఫ్.పై = ఫాల్స్

కొత్త గుర్తు కూడా ఇనిట్‌లో పెట్టండి. 30 మిల్లీసెకన్లు చేతికి తెలియదు. దొంగ వదలడం వెంటే నొక్కడం వచ్చేస్తుంది కాబట్టి అనుమానం చెరిగిపోతుంది. నిజంగా వదిలితే చెరిపేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంత రాయడం బద్ధకమైతే ఆట ముందు టెర్మినల్లో ఎక్స్‌సెట్ ఆర్ ఆఫ్ అని కొట్టి ఆటో రిపీటే ఆపేయొచ్చు. కానీ అది మెషిన్ మొత్తానికీ ఆగుతుంది. ఆట అయ్యాక ఎక్స్‌సెట్ ఆర్ ఆన్ కొట్టడం మర్చిపోతే తర్వాతి పీరియడ్ కంప్యూటర్ టీచరు బ్యాక్‌స్పేస్ పట్టుకుని కూర్చుంటారు, ఒక్కటే అక్షరం చెరుగుతుంది.

నల్లగొండ_కుర్రాడు · సాయంత్రం 6:52

పైగేమ్ అయితే ఇవన్నీ ఉండవు అని నేనేం అంటలేను సార్ 😄

లెక్కల_మాస్టారు · మంగళవారం రాత్రి 8:30

క్యాప్స్ లాకే! ఆ మెషిన్ దగ్గర కూర్చునే పిల్ల తన పేరు పెద్దక్షరాల్లో కొట్టి అలాగే వదిలేసిందట. పెద్ద డబ్ల్యూ, పెద్ద ఎస్ కూడా కట్టేశాను. అనుమానం పద్ధతి పెట్టాక లినక్స్‌లో కూడా వెన్నలా జారుతున్నాయి బ్యాట్లు.

పిల్లలు రెండో పీరియడ్‌లో అడిగిన మొదటి ప్రశ్న: "సార్, బ్యాటు తెర దాటి పైకి వెళ్ళిపోతోంది, వై ఎంత దాటకూడదు?" తెర ఎత్తు 600, సగం 300, బ్యాటు పొడవు 100, అందులో సగం 50, కాబట్టి 250 అని వాళ్ళే లెక్క తేల్చారు. జరుగు మెథడ్‌లో ఒక ఇఫ్ వాళ్ళ చేతే రాయించాను.

ఇప్పుడు బంతి పెట్టాం. బ్యాటు మూలకి తగిలితే వెనక్కి రాకుండా బ్యాటుకి అతుక్కుని గిలగిల కొట్టుకుంటోంది. దానికి వేరే చర్చ మొదలుపెడతాను, గోదారి గట్టు గారూ, మీరు అక్కడికి కూడా రావాలి.

గోదారి_గట్టు · రాత్రి 8:41

వస్తా మాస్టారూ. వచ్చేలోపు బంతి ఎక్స్ దిశని మీరు ఒక తాకిడికి ఎన్నిసార్లు తిప్పుతున్నారో ప్రింట్ చేసి ఉంచండి.